వదులుగా ఉంచిన మైకా రేకు

ప్రపంచంలో ప్రతిదానికీ ఒక లెక్క ఉంటుందనీ, ఆ లెక్క నాకు వచ్చి తీరుతుందనీ నేను గట్టిగా నమ్మిన రోజులు కొన్ని ఉండేవి. తొంభైల మొదట్లో, ఎమ్మెస్సీ ఫిజిక్సు పాసై బాపట్లలో ఒక కాలేజీలో రీసెర్చి మొదలుపెట్టిన రోజులవి. అప్పుడు నా ఆస్తి మొత్తం ముక్కు మీద కోపం, భుజాన ఒక గుడ్డసంచి, సంచిలో ఒక టిఫిన్ క్యారియరు. మా ఊరు రేపల్లె. రోజూ చీకటితోనే రేపల్లె ప్యాసింజరెక్కి, తెనాలిలో దిగి, అక్కడ ఇంకో బండి పట్టుకుని బాపట్ల చేరేదాన్ని. సాయంత్రం మళ్ళీ అదే దారి. మా వీధిలో సగం మంది నాకు రైల్వేలో ఉద్యోగం వచ్చిందనే అనుకునేవారు. (నేను సరిదిద్దలేదు. రీసెర్చి అని చెబితే వచ్చే ప్రశ్నల కంటే అదే నయం.) ఇప్పుడు అద్దంలో కనబడే ఈ నెరిసిన జుట్టావిడకీ, ఆ పిల్లకీ పోలిక వెతికితే ఒక్క సంచి మాత్రమే దొరుకుతుంది. అప్పటికీ ఇప్పటికీ నా భుజాన సంచి ఉండాల్సిందే.

నా గైడుగారు తెనాలి మనిషి. ఆయన అసలు పేరు కాలేజీ బోర్డు మీద తప్ప ఎక్కడా వినబడేది కాదు, అందరికీ ఆయన చొక్కా మాస్టారు. ఏ పాఠమైనా చొక్కా ఉదాహరణతో చెప్పడం ఆయన అలవాటు. మా పరిశోధన కూడా చొక్కాతోనే మొదలైంది. స్ఫటికమంటే, బడిపిల్లలు పొద్దున్నే ప్రార్థనకి నిలబడ్డట్టు అణువులన్నీ వరుసల్లో నిలబడటం. రేడియోల్లో, టీవీల్లో వాడే సెమీకండక్టరు పదార్థాన్ని ఇంకో పదార్థం మీద పలచని పొరగా పేర్చామనుకోండి. పైవాళ్ల వరుసల మధ్య దూరం వేరు, కిందివాళ్ల మధ్య దూరం వేరు. కిందది మందంగా, మొండిగా ఉంటే పైపొర చచ్చినట్టు దాని కొలతకే నిలబడాలి, బిగుతు చొక్కా తొడుక్కున్నట్టు. కొంతవరకు ఓర్చుకుంటుంది, ఆ తరవాత ఎక్కడో ఒకచోట కుట్టు తెగుతుంది. అలా తెగినచోట్లే లోపాలు. లోపాలెక్కువైతే ఆ పొర దేనికీ పనికిరాదు. అలా కాకుండా కిందదాన్నే కాగితంలా పలచగా చేసి, దేనికీ బిగించకుండా వదిలేస్తే, ఆ లాగుడంతా అది తీసుకుని పైపొరని కాపాడుతుంది. విదేశాల్లో అప్పుడప్పుడే ఈ సంగతి మీద వ్యాసాలు వస్తున్నాయి. మాస్టారు ఒకదాని జిరాక్సు కాపీ సంపాదించి, నలిగిపోయేదాకా చదివి, "లాగుడనేది ఎక్కడికీ పోదమ్మా, ఎవరో ఒకళ్లు మొయ్యాలి. పైది బాగుండాలంటే కిందది సర్దుకుపోవాలి" అన్నారు. ఎప్పుడూ కిందవాళ్లే ఎందుకండీ సర్దుకుపోవాలి అని నేను వెంటనే తగులుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కాసేపు ఆలోచించి, అది వేరే డిపార్ట్‌మెంటు అన్నారు.

విదేశీ వ్యాసంలో రాసిన ఖరీదైన సరుకు మాకు కలలో కూడా దొరకదు. మా సరుకు మైకా రేకు. దాన్ని చాకు మొనతో విడదీస్తే ఉల్లిపొరల్లా ఎంత పలచగానైనా ఊడొస్తుంది. తెనాలిలో ఇస్త్రీపెట్టెలు బాగుచేసే ఒక కొట్టుంది, ఇస్త్రీపెట్టెల్లో వేసే మైకా అక్కడ కొనేవాళ్లం. నెలకి రెండుసార్లు వెళ్లి, గీతలు లేని రేకుల కోసం వెలుతురుకి పెట్టి చూసి చూసి ఏరుతుంటే కొట్టు ఆయన ఉండబట్టలేక, మీ ఇంట్లో ఎన్ని ఇస్త్రీపెట్టెలున్నాయమ్మా, ఇన్నిసార్లు ఎలా కాలిపోతున్నాయి అని అడిగాడు. మాస్టారు ఆయనకి చొక్కా ఉదాహరణ మొదలుపెట్టారు. ఇస్త్రీ కొట్టులో నిలబడి చొక్కా బిగుతు గురించి చెబితే ఎవరికి ఏం అర్థమవుతుంది? ఆ మనిషి చాలా మర్యాదగా, పక్కసందులో మంచి టైలరున్నాడండి అన్నాడు.

మా ల్యాబులో మూడో మనిషి అటెండరు. ఆయన్ని నేను బాబాయ్ అని పిలిచేదాన్ని, వెనకాల మాత్రం కాలేజీ మొత్తానికి ఆయన బిగింపు బాబాయి. యాభై దాటిన మనిషి, బక్కపలచన, మాట తక్కువ, చేతుల్లో మాత్రం ఇనుములాంటి పట్టు. ఉండేది భట్టిప్రోలులో, అంచేత రోజూ నా బండిలోనే ఎక్కేవాడు. ఎక్కీ ఎక్కగానే కిటికీ గడియలన్నీ లాగి చూసేవాడు, పైన పెట్టిన సామాన్ల తాళ్లు బిగించేవాడు, ఎవరివో కూడా తెలియదు. నా సంచి చూసి, "ఆ గిన్నెల క్లిప్పు వదులుగా ఉందమ్మా" అని నా టిఫిన్ క్యారియరు తీసుకుని ఒక్క నొక్కు నొక్కేవాడు. మధ్యాహ్నం దాన్ని తెరవడానికి నేనూ మాస్టారూ చెరోవైపు పట్టుకుని లాగేవాళ్లం. పట్టకారు లేకుండా మేం అన్నం తిన్న రోజులు తక్కువ. కాలేజీలో ఆయన చెయ్యి పడ్డ కుళాయి మళ్ళీ తిరిగేది కాదు. ఒకసారి ప్రిన్సిపాలుగారి తిరిగే కుర్చీ కిర్రుమంటోందని పిలిస్తే వెళ్లి బాగుచేశాడు. కిర్రుమనడం పోయింది, తిరగడం కూడా పోయింది. ఏది బిగించినా చివర ఒక్కసారి అరచేత్తో తట్టి, "ఇంక భయం లేదు" అనేవాడు. ఆ మాట విని మేమంతా నవ్వుకునేవాళ్లం.

ఇక మా పని సంగతి. గంట ఆకారంలో పెద్ద గాజు జాడీ ఒకటి, దానికింద గాలి తోడేసే పంపు. జాడీలో ఒక చిన్న చట్రం, దాని నాలుగు మూలలా నాలుగు స్క్రూలు. మైకా రేకుని ఒక మూల మాత్రం సుతారంగా పట్టి ఉంచి, మిగతా మూడు మూలలూ వదిలెయ్యాలి. అదే మా పరిశోధనకి ప్రాణం. సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు నేనే స్వయంగా, ఊపిరి బిగబట్టి రేకు పెట్టి వచ్చేదాన్ని. పొద్దున్నే బాబాయి స్టేషన్లో ఉంచిన సైకిలెక్కి నాకంటే ముందు పోయి, ల్యాబు తెరిచి, తుడిచి, జాడీ మూసి, పంపు వేసేవాడు. నేను నడిచి వెళ్లేసరికి పంపు దడదడలాడుతూ ఉండేది. వాడి వాడి జాడీ లోపలంతా నల్లగా మసకబారిపోయింది, బయటినుంచి స్క్రూలు కనబడవు. లోపల కాచిన సరుకు ఆవిరై, మధ్యాహ్నానికి రేకు మీద పొర పడేది, సాయంత్రానికి చల్లారేది, బాబాయి జాడీ ఎత్తి, రేకు విప్పి పళ్లెంలో పెట్టి నాకిచ్చేవాడు. మైక్రోస్కోపులో పెట్టి చూస్తే పొర నిండా నెర్రెలు, చైత్రంలో చుండూరు పొలాల్లాగ.

చదివేవాళ్లకి ఈపాటికి దొంగ దొరికిపోయే ఉంటాడు. మాకు దొరకలేదు. ఇద్దరం కలిసి ఎన్ని డిగ్రీలు చదివామో తలుచుకుంటే సిగ్గేస్తుంది. ముందు సముద్రపు గాలిని అనుమానించాం, కిటికీలకి గోనెపట్టాలు కట్టాం. తరవాత క్యాంటీనులో మిరపకాయలు వేయించే ఘాటుని అనుమానించి వాళ్లతో తగువు పడ్డాం, వాళ్లు వారంపాటు మాకు టీ పంపలేదు. నా తలనూనె మీదకి పోయింది మాస్టారి దృష్టి, నేను ఎండుగడ్డిలాంటి తలతో నెల తిరిగాను. మాస్టారు దేవుడూ దెయ్యం లేదని క్లాసులో చెప్పే మనిషే గాని, రాహుకాలంలో మాత్రం పంపు వెయ్యనిచ్చేవారు కాదు. (అది నమ్మకం కాదట, అలవాటట.) మా అమ్మ ఇంకో దారి పట్టింది. మాది లూథరన్ చర్చి. బుధవారం కూడికలో అయ్యగారు, రోగుల కోసం, ప్రయాణాల్లో ఉన్నవాళ్ల కోసం ప్రార్థన చేశాక, "ఈ బిడ్డ చేస్తున్న పొర నెర్రెలు విడవకుండా కాపాడు తండ్రీ" అని నా కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. వెనక వరసలో ఒక పెద్దావిడ, పాపం నీ కంట్లో పొరేంటమ్మా అని నా గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పి చూసింది. ఇటు ప్రార్థన, అటు రాహుకాలం, మధ్యలో ఆ పంపు. అయినా నెర్రెలు మాత్రం తగ్గలేదు.

నవ్వుతూ చెబుతున్నాను గాని అప్పుడు ఏడుపొక్కటే తక్కువ. ఆ వేసవికి మాస్టారు రిటైరవుతున్నారు. ఆయన వెళ్లగానే ఆ యంత్రం వేరే డిపార్ట్‌మెంటుకి ఇచ్చేస్తారని తేలిపోయింది. అంటే ఆ లోపల ఒక్క పొర, ఒక్కటంటే ఒక్కటి, నెర్రెలు లేకుండా రావాలి. రాకపోతే ఆయన ఇన్నేళ్లు నమ్మిన మాట నిరూపించకుండానే ఇంటికి పోతారు, నేను బీఈడీలో చేరాలి. మా నాన్న బడిపంతులు, బీఈడీ ఆయన దృష్టిలో స్వర్గం. అప్లికేషను తెచ్చి నా బల్ల మీద పెట్టి, దానిమీద బరువుకి నా ఫిజిక్సు పుస్తకమే పెట్టారు.

ఒకరోజు పొద్దుటి రేపల్లె బండి రద్దయిందని ముందే తెలిసి, ముందురోజు రాత్రి బాపట్లలో స్నేహితురాలింట్లో ఉండిపోయాను. పొద్దున్నే లేచి ల్యాబుకి వెళ్లాను. బాబాయి ఎలా వచ్చాడో, బస్సు మీద వచ్చాడేమో, అప్పటికే తలుపు తెరిచి ఉంది. లోపల ఆయన చట్రం మీదకి వంగి, నాలుక కొస పళ్లమధ్య పెట్టుకుని, నాలుగు స్క్రూలూ ఒకదాని తరవాత ఒకటి బిగిస్తున్నాడు. నా మైకా రేకు ఉలుకూ పలుకూ లేకుండా బిగిసిపోయి ఉంది. అంతా అయ్యాక అరచేత్తో చట్రాన్ని తట్టి, ఇంక భయం లేదు అన్నాడు. నోరు తెరిచాను. ఏం అనేదాన్నో దేవుడికే తెలుసు, సరిగ్గా అప్పుడే మాస్టారు వెనకనుంచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. ఆయన కూడా చూశారు.

రోజూ ఇలాగే బిగిస్తావా అని మాస్టారు మెల్లగా అడిగారు. "అవునండి. అమ్మాయిగారు వదులుగా పెట్టి మర్చిపోతందండి. లోపల ఊడి పడిపోద్దని నేను చూసుకుంటున్నానండి" అన్నాడాయన, ఇన్నాళ్లూ నా పరధ్యానాన్ని నా గైడు కంట పడకుండా దాచిపెట్టినవాడి వాలకంతో. మాస్టారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని ఓపిగ్గా చెప్పుకొచ్చారు. బిగిస్తే దానికి నొప్పి అనీ, ఆ నొప్పి ఓర్చుకోలేకే పైపొర పగులుతోందనీ, వదులుగా ఉంచితే ఏమీ కాదనీ. చొక్కా సంగతి కూడా చెప్పారు. బాబాయి మొదట తల ఊపుతూ విన్నాడు. నొప్పి అన్న మాట దగ్గర తల ఊపడం ఆగిపోయింది. చేతిలో స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టి, బయటికి పోయి వరండా మెట్ల మీద కూర్చున్నాడు. ఆ రోజు పంపు వెయ్యలేదు.

సాయంత్రం తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. నా కోపం అప్పటికి సగం చల్లారింది గాని ముఖం మాత్రం అలాగే పెట్టుకున్నాను. ఆయనే మొదలుపెట్టాడు, నా వైపు చూడకుండా, పట్టాల వైపు చూస్తూ. వాళ్లది మొదట రేపల్లె అవతల, సముద్రం పక్కన పల్లె. డెబ్బై ఏడు ఉప్పెననాడు నీళ్లు గుమ్మం దాటి వస్తుంటే, కూతుర్ని ఎత్తుకుని తాటిచెట్టు దగ్గరికి పోయి, వాళ్లావిడ చీరతో చెట్టుకి కట్టాడు. గట్టిగానే కట్టాడు. అప్పటికి దానికి ఆరేళ్లు. "నొప్పెడతంది నాన్నా అందమ్మా. కాస్త వదులు చేశాను" అన్నాడు. చెప్పడానికి ఇంకేముంది? మా వైపు వాళ్లకి ఎవరికైనా ఆ రాత్రి గురించి సగం చెబితే చాలు, మిగతా సగం ఎవరింట్లో వాళ్లకి ఉంటుంది. బండి వచ్చింది. ఆయన ఎక్కి, ఎదురుగా ఉన్న కిటికీ గడియ బిగించాడు. నేను తల తిప్పుకుని కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

మర్నాడు మాస్టారికి చెప్పాను. ఆయన, బాబాయిని ఆ పనికి పిలవద్దు, మనమే ఎలాగో చేసుకుందాం అన్నారు. చెప్పడం సులువే. ఆ జాడీ బరువు, రబ్బరు వలయం మీద అది వెంట్రుకవాసి తేడా లేకుండా దిగాలి. మాస్టారికి నడుంనొప్పి, నాకు అంత బలం లేదు. ఇద్దరం కలిసి ఎత్తబోతే అది ఒక పక్కకి ఒరిగి, పైనుంచి పడబోయి ఆగింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న బాబాయి వచ్చి, మా చేతుల్లోంచి దాన్ని తీసుకున్నాడు. "వదులుగానే ఉందామ్మా?" అని అడిగాడు. ఉంది బాబాయ్ అన్నాను. చట్రంలో ఒక్క మూల పట్టుకుని ఆ రేకు, ఫ్యాను గాలికి సన్నగా ఊగుతోంది. ఆయన జాడీని రెండు చేతులా గుండెలకి ఆనించుకుని దానికేసి చూస్తూ అలాగే నిలబడిపోయాడు. దించడు. అంత బరువు మోస్తూ ఎంతసేపు నిలబడ్డాడో, ముంజేతుల నరాలు తేలి వణుకుతున్నాయి. మాస్టారు మాత్రం రాహుకాలం గురించి ఆరోజు నోరెత్తలేదు. ఇక నేనే, పోనీ బాబాయ్, బిగించెయ్, పగిలితే పగిలింది అన్నాను. నిజంగానే అన్నాను. నాకు ఆ క్షణాన పొర మీద ఆశ పోయింది, బీఈడీ కూడా మంచి చదువే అనిపించింది. ఆయన అడ్డంగా తల ఊపాడు. కళ్లు మూసుకుని, చాలా నెమ్మదిగా, కింద ఎవరో నిద్రపోతున్నట్టు జాడీ దించాడు. దించాక తట్టలేదు. ఆ మాట కూడా అనలేదు.

ఆ సాయంత్రం రేకు బయటికి తీసి మైక్రోస్కోపులో పెట్టాను. ఒక మూలనుంచి మొదలుపెట్టి ఇంకో మూలదాకా జరుపుతూ వెళ్లాను. నెర్రె లేదు. మసక అద్దమేమోనని తుడిచి మళ్ళీ చూశాను. లేదు. మాస్టారు నన్ను పక్కకి నెట్టి చూశారు. ఎప్పుడూ వేసే చమక్కులేవీ గుర్తురాలేదు ఆయనకి, చొక్కా కూడా గుర్తురాలేదు, వచ్చిందమ్మా అని ఒక్కమాట అని కళ్లజోడు తీసేశారు. ముప్ఫయ్యేళ్ల సర్వీసులో ఆయన కోరుకున్నది ఆ ఖాళీనే. నేను వరండాలోకి పరిగెత్తి బాబాయిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆయన కళ్లు చికిలించి అద్దంలోకి చూసి, ఏమీ లేదు కదమ్మా అన్నాడు. ఏమీ లేకపోవడమే కావాలి బాబాయ్ అన్నాను నవ్వుతూ.

"ఊడి పడలేదా?"

"లేదు బాబాయ్."

"వదులుగా ఉన్నా నిలబడిందా?"

"నిలబడింది."

ఆయన అద్దం మీదనుంచి తల ఎత్తి, నా వంకా, మాస్టారి వంకా చూశాడు. "మరి అప్పుడెందుకు నిలబడలేదమ్మా?" అన్నాడు.

ఇన్నేళ్లు పాఠాలు చెప్పాను, ఎన్నో ప్రశ్నలు విన్నాను. అలాంటి ప్రశ్న మళ్ళీ ఎవరూ అడగలేదు. ఆయన దెప్పిపొడవడానికి అడగలేదు, తెలుసుకోవాలనే అడిగాడు. చదువుకున్నవాళ్లం ఇద్దరం ఎదురుగా ఉన్నాం, వదులుగా కడితే నిలబడుతుందని నిన్ననే చెప్పాం, చేసి చూపించాం కూడా. మాస్టారు గోడవైపు తిరిగిపోయారు. అది వేరు, ఇది వేరు బాబాయ్ అని నేను గొణిగాను. ఆయన, అవును లేమ్మా అని, పళ్లెం కడగడానికి తీసుకుపోయాడు.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ప్రశ్న అన్నాక జవాబుండాలి, ఫిజిక్సు ప్రశ్నకి ఫిజిక్సులోనే ఉండాలి. గట్టిగా కట్టినా ఆ ముడి నిలిచేది కాదని లెక్క కట్టి చూపిస్తే ఆయన గుండెలో బరువు దిగిపోతుందని నాకు తోచింది. మర్నాటినుంచి పొరల పని పక్కనపెట్టి ఉప్పెన లెక్కలో పడ్డాను. నీటి ఎత్తెంత, వేగమెంత, చెట్టు చుట్టుకొలతెంత అని అమ్మానాన్నల్నీ, అయ్యగారినీ, బండిలో కనబడ్డ పెద్దవాళ్లనీ పీడించాను. చీర ఎంత బరువుకి చిరుగుతుందో తెలియాలి కదా? ఈ సంగతి విని చొక్కా మాస్టారు మర్నాడు వాళ్లావిడ పాత నేతచీర ఒకటి సంచిలో పెట్టుకుని వచ్చారు. (ఆవిడకి చెప్పారో లేదో నేనడగలేదు.) బాబాయి క్యాంటీనుకి వెళ్లిన సమయం చూసి, తలుపు గడియ పెట్టి, చీర పేలికకి ల్యాబులోని తూనికరాళ్లన్నీ ఒకదాని తరవాత ఒకటి వేలాడదీశాం. రాళ్లు చాలక, మాస్టారే దానికి వేలాడారు. రిటైరుకాబోయే ప్రొఫెసరు గారు మోకాళ్లు మడిచి చీరకి వేలాడుతుంటే నేను కింద నిలబడి లెక్క రాసుకోవడం, ఇప్పటికీ తలుచుకుంటే నవ్వూ ఏడుపూ కలిసే వస్తాయి. చీర చిరిగింది. మాస్టారు నేలమీద పడ్డారు. నడుం పట్టుకుని లేస్తూ, సరిపోయిందా అమ్మా, లెక్క కుదిరిందా అని అడిగారు.

కుదిరింది. ఒకరోజు సాయంత్రం బండిలో బాబాయికి మొత్తం చెప్పాను. నీటి బలం ఇంత, చీర బలం ఇంత, ఎంత గట్టిగా కట్టినా ఆ నీటికి ముడి కాదు, చీరే ఆగేది కాదు అన్నాను. ఆయన మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు. భట్టిప్రోలు దగ్గరపడుతుంటే, "అట్టాగా అమ్మా" అన్నాడు. ముఖంలో నేననుకున్న వెలుగేమీ రాలేదు. దిగబోతూ ఆగి, "ఆదివారం చర్చయ్యాక ఓసారి మా ఇంటికొస్తావా? ఈ లెక్క మా ఆవిడకి కూడా చెబుదువుగాని" అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. మొగుడికి అర్థమైంది, పెళ్లానికి కూడా చెప్పిస్తున్నాడు అనుకున్నాను.

ఆదివారం వెళ్లాను. కాలవగట్టు వారన రెండు గదుల ఇల్లు. ఆవిడ నన్ను మంచం మీద కూర్చోబెట్టి, తను కింద చేటలో బియ్యం పోసుకుని కూర్చుంది. బాబాయి గుమ్మం పక్కన నిలబడ్డాడు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. క్లాసులో చెప్పినట్టే చెప్పాను, అర్థం కానిచోట ఆగి ఇంకోలా చెప్పాను, మాస్టారు చీరకి వేలాడిన సంగతి కూడా చెప్పాను. అక్కడ ఆవిడ కాస్త నవ్వింది. చేతులు మాత్రం బియ్యంలో మెరికలు ఏరుతూనే ఉన్నాయి. అంతా విన్నాక చేట పక్కన పెట్టి, చదువుకున్న పిల్లవి, ఎండలో పడి వచ్చి ఓపిగ్గా చెప్పావు తల్లీ అంది. తల ఎత్తకుండానే, "వదులు చెయ్యమంది నేనమ్మా. పిల్ల ఏడుస్తుంటే చూళ్లేక నేనే అన్నాను. ఈయన వద్దన్నాడు" అంది.

నేను బాబాయి వైపు చూశాను. ఆయన గుమ్మం వైపు తిరిగి, "ఇప్పుడదంతా ఎందుకు, అమ్మాయికి మజ్జిగియ్యి" అన్నాడు. ఆవిడ లేవలేదు. "ఇన్నేళ్లలో ఎవరడిగినా తనంతట తనే వదులు చేశానని చెప్పుకుంటాడమ్మా. నాతో కూడా అట్టాగే అంటాడు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ లెక్క ఆయనకి తన కోసం అక్కర్లేదని అప్పుడు తెలిసింది నాకు. బాబాయే లోపలికెళ్లి గ్లాసు తెచ్చిచ్చాడు. మజ్జిగ తాగాను. లెక్క ఇంకోసారి చెప్పనా పిన్నీ అని అడిగాను. చెప్పమ్మా అంది ఆవిడ. మళ్ళీ మొదటినుంచీ చెప్పాను.

ఆ తరవాత కథ మామూలే. ఆ పొరకి ఎక్స్‌రే పరీక్ష చేయించాం, బాగా వచ్చింది. మాస్టారు దండ వేయించుకుని ఇంటికి వెళ్లారు, నాకు డిగ్రీ వచ్చింది, బీఈడీ అప్లికేషను మా నాన్న ఎవరికో ఇచ్చేశారు. ఇప్పుడు వాళ్లెవరూ లేరు. కానీ నాకు గుర్తుండేది ఆ ఆదివారం సాయంత్రం భట్టిప్రోలు స్టేషన్లో బండెక్కి, కిటికీ పక్కన కూర్చుని రేపల్లె వెళ్తున్న పిల్ల. అంత దుఃఖం కళ్లారా చూసి వస్తూ, సగం దారిలో ఆ పిల్ల ఉలిక్కిపడి నుదురు కొట్టుకుంది. లెక్కలో మంచినీళ్ల బరువు వేసింది, వచ్చింది ఉప్పునీళ్లు కదా, అవి ఇంకా బరువు. అంటే నీటి బలం ఇంకా ఎక్కువ, అంటే ఆ ముడి ఇంకా నిలిచేది కాదు. పొద్దున్నే బాబాయికి చెప్పాలి, ఆయన ఇంటికెళ్లి పిన్నికి చెప్పాలి అని, ఊరొచ్చేదాకా వేళ్లమీద లెక్క వేసుకుంటూనే ఉంది. మర్నాడు చెప్పింది కూడా. ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, దగ్గరికి తీసుకోవాలనిపిస్తుంది. బాబాయి మాత్రం నవ్వలేదు. శ్రద్ధగా విని, "ఉప్పునీళ్లు బరువేనమ్మా, నిజమే. ఇంటికెళ్లి చెబుతాను" అన్నాడు.